బండి ఈనిన ఆయిల్

ఆ రోజుల్లో అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదని మా ఆయన అంటాడు. నెత్తిన నాలుగు తెల్లవెంట్రుకలు కనబడగానే ఆ హక్కు వచ్చేస్తుందా అని వెటకారం. (ఆయన నెత్తిన తెల్లవీ లేవు, నల్లవీ లేవు. కాబట్టి ఈ విషయంలో ఆయన మాట చెల్లదు.) నా లెక్క వేరు. మనిషి మారిపోయాక, గడిచింది అయిదారేళ్లే అయినా, అవి ఆ రోజులే. ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. నిజం కంటబడితే అక్కడికక్కడ, పదిమందికీ వినబడేలా గొంతెత్తి చెప్పెయ్యాలని. అప్పుడే మెకానికల్ డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసైన పిల్లను. సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించుకుని, ఇక వానకు తడవదని సంతోషపడ్డదాన్ని. మా వైపు వాన ఎంత పడుతుందో అందరికీ తెలిసిందే అయినా, ముందుజాగ్రత్త మంచిదే కదా.

మాది ధర్మవరంలో నూనె అంగడి. శెనక్కాయ నూనె. కొత్త డబ్బా దిగిన ప్రతిసారీ నాయన ఒక తంతు జరిపేవాడు. మూత తీసి, ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, కళ్లు మూసుకుని వాసన చూసేవాడు. ఆ తర్వాత పాత పేపరు ముక్క మీద ఇంకో చుక్క వేసి, అది ఎంత దూరం పాకింది, అంచు ఎలా తేలింది అని వెలుతురుకు పట్టి చూసేవాడు. ఇంత చేసీ నోటితో చెప్పేది రెండే మాటలు. బాగుంటే 'మంచిదే'. బాగాలేకపోతే 'తేడా ఉండాది'. కల్తీ అన్న మాట మాత్రం మా అంగట్లో ఎవరూ అనకూడదు. నాకు పదేళ్లప్పుడు ఎవరో ఒకాయన, ఎందుకు కోపమొచ్చిందో ఏమో, వీధిలో నిలబడి మా నూనెను పట్టుకుని ఆ మాట అన్నాడు. అబద్ధమని వారంలోగా ఆయనే ఒప్పుకున్నాడు గానీ, ఆ మాట వెనక్కి రాలేదు. నెలరోజులు అంగట్లో ఈగలు తోలుకున్నాం. నాయన ఆ నెలంతా సరిగ్గా అన్నం తినలేదు. అప్పటినుంచి మా ఇంట్లో అది బూతుమాట కింద లెక్క. ఇవన్నీ తెలిసిన పిల్లను నేను. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, ముందు ముందు నన్ను తిట్టడానికి పనికొస్తుంది.

ఆ నూనె వాసన జడకు కూడా పట్టేసి, బడిలో నన్ను 'శెనక్కాయ' అని పిలిచేవాళ్లు. దాన్నుంచి పారిపోవాలనే మెకానికల్ చదివాను. పారిపోయి పారిపోయి హిందూపురంలో, పెనుకొండ రోడ్డు మీదున్న ఒక కార్ల వర్క్‌షాపులో చేరాను. అంటే వంటనూనె వాసన వద్దని ఇంజన్ ఆయిల్ వాసనలోకి దూకానన్న మాట. వచ్చిన బండిని చూసి, ఓనరు చెప్పిన జబ్బు విని, కార్డు మీద రాసి లోపలికి పంపడం నా పని. మొదటి మూడు నెలలు పరీక్ష. నిలబడితే ఉద్యోగం, లేకపోతే లేదు. బస్సు ఎక్కించేటప్పుడు నాయన ఒక్కటే చెప్పాడు. "మూన్నెల్లు చూస్తా పాపా. నిలదొక్కుకుంటే సరి. లేదంటే గమ్మున వచ్చి అంగట్లో కూచో." నేను ఆ అంగట్లో కూర్చోకూడదని బస్సులోనే ఒట్టు పెట్టుకున్నాను.

రెండు నెలలు దాటి, మూడోది నడుస్తుండగా ఒక సోమవారం పొద్దున ఏసీ అన్న వచ్చాడు. హిందూపురం బజారులో బట్టల అంగడి ఆయనది. యాభై ఏళ్ల మనిషి. కొత్త డీజిల్ కారు కొన్నప్పటినుంచీ అంగట్లో కంటే అంగడి ముందు నిలిపిన కారులో, ఏసీ వేసుకుని ఎక్కువసేపు కూర్చునేవాడు కాబట్టి ఆ పేరు. ఆ రోజు ఆయన వచ్చింది జబ్బు చెప్పుకోవడానికి కాదు, గొప్ప చెప్పుకోవడానికి. వెయిటింగ్ కుర్చీల్లో ఆరుగురు కస్టమర్లు ఉన్నారు. వాళ్లందరికీ వినబడేలా మొదలుపెట్టాడు.

"అందరి బండ్లూ ఆయిల్ తాగుతాయి గదా పాపా? నా బండి ఆయిల్ తాగే జాతి కాదు. ఈనే జాతి. మూన్నెల్ల కింద మీరే పోసినారు. వారం వారం పుల్ల తీసి చూస్తాండా. ఒక్క చుక్క తగ్గల్యా. పైగా పెరుగుతా ఉండాది! మా అమ్మ అయితే బండికి హారతి ఇస్తాండాది, లచ్చిమి వచ్చిందని."

ఆరుగురూ బండిని గౌరవంగా చూశారు. నేను మాత్రం వేటకుక్కలా చెవులు నిక్కించాను. ఇంజన్ ఆయిల్ తగ్గవచ్చు, ఉన్నంత ఉండవచ్చు. పెరగడం మాత్రం ఉండదు. ఆవు ఈనుతుంది, మేక ఈనుతుంది, ఇంజను ఈనదు. బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీశాను. ఆయిల్ పైగీత దాటి వేలెడు పైన ఉంది. చూస్తే నీళ్లలా జారుతోంది. నాకు తెలియకుండానే నా బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికొచ్చాయి. రుద్దాను. జిగట లేదు. కళ్లు మూసుకుని వాసన చూశాను. డీజిల్! గుప్పుమంది. నా జన్మకు నేనే స్వయంగా కనిపెట్టిన మొదటి జబ్బు అది. ఆ ఆనందంలో ధర్మవరం లేదు, నాయన లేడు, పదేళ్లప్పటి వీధి లేదు. పుల్లను జెండాలాగా పైకెత్తి, ఫస్ట్ క్లాస్ గొంతుతో ప్రకటించాను.

"అన్నా, మీ ఆయిల్ కల్తీ!"

వర్క్‌షాపులో రెంచీల చప్పుడు ఆగిపోయింది. ఏసీ అన్న ముఖం ముందు తెల్లగా, తర్వాత ఎర్రగా మారింది. "కల్తీనా? మీరు పోసిందే గదమ్మా! కల్తీ ఆయిల్ పోస్తిరా నా బండికి?" అన్నాడు. కుర్చీల్లోని ఆరుగురూ లేచి నిలబడ్డారు. "నా బండికీ ఈడనే పోపిచ్చినానే" అని ఒకాయన, "మొన్ననే గదప్పా మాదీ" అని ఇంకొకాయన. కాదన్నా, డీజిల్ కలిసిందన్నా, అది ఇంజన్లోంచే వచ్చిందన్నా అని నేను మొత్తుకుంటున్నాను. ఎవరికి పట్టింది? మధ్యాహ్నానికి బజారంతా తెలిసిపోయింది. సాయంత్రానికి ఇద్దరు ఫోన్ చేసి, రేపు తెస్తామన్న బండ్లు తేవడం లేదని చెప్పారు.

మేనేజర్ సారు నన్ను గదిలోకి పిలిచి, తన పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చూశాడు. చివరికి అన్నాడు. "డీజిల్ కలిసిందంటే అయిపోయేది కదమ్మా. ఆ మాటే దొరికిందా నీకు? శనివారం దాకా టైమిస్తాండా. ఆ డీజిల్ యాడ్నుంచి వచ్చిందో కనుక్కో. ఆ మనిషి తన నోటితోనే మన ఆయిల్ మంచిదని బజార్లో చెప్పాల. లేకుంటే నువ్వు సోమవారం రావాల్సిన పన్లేదు." అలా నా ఉద్యోగం, వర్క్‌షాపు పేరు, రెండూ ఒక పుల్ల కొసన వేలాడాయి.

రాత్రి నాయనకు ఫోన్ చేశాను. అంతా విన్నాడు. "ఆ మాట గిరాకీల ముందర అన్నావా?" అని అడిగాడు. అన్నాను నాయనా అన్నాను. ఫోన్ కట్టయిందేమోనని చూసుకున్నాను. తిడితే బాగుండేది. చివరికి, "పేపరు మీద రెండు చుక్కలెయ్యి. మంచిదొకటి, తేడాదొకటి. ఆయప్ప కండ్ల ముందరే ఎయ్యి. నోటితో ఏం చెప్పొద్దు. చుక్కలే చెప్తాయి" అని పెట్టేశాడు. ఆ రాత్రే నిశ్చయించుకున్నాను. అంగట్లో కూర్చోవలసి వస్తే కూర్చుంటాను, కానీ తప్పు చెప్పినదాన్నని అనిపించుకుని కూర్చోను.

మంగళవారం ఏసీ అన్నను బతిమాలి రప్పించి, సీలు తీయని డబ్బా ఆయన చేతనే తెరిపించి, పేపరు మీద రెండు చుక్కలు వేశాను. మంచి ఆయిల్ చుక్క వేసినచోటే ముద్దగా కూర్చుంది. బండిలోంచి తీసిన చుక్క నల్లగా నడుమ ఆగి, చుట్టూ పల్చటి వలయం ఒకటి పాకుతూ పోయి, పేపర్లో సినిమా హీరోయిన్ ముక్కు దాకా వెళ్లింది. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "డీజిలే" అని ఒప్పుకున్నాడు. "అయితే డబ్బాలోనే డీజిల్ కలిపి పోసింటారు" అన్నాడు. నేను పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాను. చుక్కలు సగమే చెప్తాయని నాయన చెప్పలేదు.

ఇక మిగిలింది మా వర్క్‌షాపు పెద్ద మేస్త్రీ. ఇంజన్ శబ్దం విని దాని వయసు చెప్పగలిగిన మనిషి. నన్ను బేటీ అని పిలిచేవాడు. "డీజిల్ ఆయిల్లోకి దిగాలంటే దోవలు మూడే బేటీ. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కారాల, లేదా పంపు కారాల. మూడోది ఏమో నాకు తెల్దు. కొత్త బండ్లు, నా కన్నా ఎక్కువ చదువుకున్నాయి" అన్నాడు. బండికి తగిలిస్తే దాని జబ్బు చదివి చెప్పే మా స్కానర్ పాతది. ఆ కొత్త కారు భాష దానికి రాదు. తగిలిస్తే గుండ్రంగా తిరుగుతూ కూర్చునేది. అందుకని బుధవారమంతా మేస్త్రీ, నేను నాలుగు ఇంజెక్టర్లకూ నాలుగు చిన్న సీసాలు కట్టి, ఏది ఎక్కువ కారుస్తుందో చూశాం. నాలుగూ సమానంగా, సొంత అన్నదమ్ముల్లా ఉన్నాయి. (మా బంధువుల్లో సొంత అన్నదమ్ములు అలా ఉండరు, అది వేరే కథ.) పంపు చూశాం. ఎండిన శెనక్కాయ పొట్టులా పొడిగా ఉంది. "ఇంజన్‌కు ఏం లేదు బేటీ. కానీ ఇట్లనే నడిపితే పల్చటి ఆయిల్‌తో అది అరిగి పట్టేస్తాది" అని మేస్త్రీ చేతులు తుడుచుకున్నాడు.

ఆ మూడు రోజులూ నేను మనిషిలా లేను. వచ్చిన ప్రతి బండి పుల్లా లాగి వాసన చూశాను. పక్కనున్న టీ అంగడాయన స్కూటర్‌ది కూడా వదల్లేదు. గురువారం పొద్దున నేనుండే హాస్టల్లో సాంబారు గరిటె ఎత్తి, వేళ్ల మధ్య రుద్ది వాసన చూస్తుంటే వంటావిడ పట్టుకుంది. "ఏం పాపా, నా సాంబారులో ఏం కలిసింది?" అని గరిటె లాక్కుంది. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. నీళ్లు ఎక్కువయ్యాయని నిజం చెప్పే ధైర్యం అప్పటికే పోయింది.

బండిలో జబ్బు దొరక్కపోతే, బండి ఎలా బతుకుతోందో చూడాలి అనిపించింది. శుక్రవారం పొద్దున్నే ఏసీ అన్న ఇంటికి వెళ్లాను. తలుపు తీసిన అవ్వ, అంటే ఆయన తల్లి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నా కొడుకు బండిని కల్తీ అనింది నువ్వేనా?" అంది. నేనే అవ్వా అన్నాను. "ఇంత ఉండావు, అంత నోరా?" అని లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. మా వైపు తిట్టూ కాఫీ విడివిడిగా ఇవ్వరు.

కాఫీ తాగుతూ చూశాను. ముందు అన్న కారు స్టార్ట్ చేశాడు. అవ్వ పసుపు నీళ్లు చల్లి, అగరొత్తులు తిప్పి, నిమ్మకాయ పెట్టి, హారతి ఇచ్చింది. అంతసేపూ ఇంజను ఆడుతూనే ఉంది. ఆపి చేయొచ్చుగా అవ్వా అంటే, "ఊపిరాడకుండా ఉంటే దానికి పూజ ఎట్ల తెలుస్తాది పాపా?" అంది. ఆ తర్వాత బయల్దేరి అయిదు నిమిషాల్లో అంగడి చేరాం. ఆపాడు. మధ్యాహ్నం కారులో కూర్చుని ఏసీలో పెరుగన్నం తిన్నాడు. ఇంజను ఆడుతూనే ఉంది. చెయ్యి కడుక్కోవడానికి ఆపాడు. సాయంత్రం అయిదు నిమిషాల్లో ఇల్లు. "ఊరు దాటిపోరా అన్నా?" అని అడిగాను. "కొన్నప్పట్నుంచీ పోల్యా. హైవే అంటే అమ్మకు భయం" అన్నాడు. ఎవరికి భయమో ఆయన చెవులు చెప్పేశాయి, ఎర్రబడ్డాయి.

అప్పుడు చూశాను. స్టీరింగు వెనక, స్పీడు చూపించే మీటరు అద్దం మీద, కుడివైపు మూలన ఒక కుంకుమ బొట్టు. చిన్నా చితకా బొట్టు కాదు, రూపాయి బిళ్లంత. కుంకుమను నూనెతో మెదిపి, ఆరాక కూడా రాలకుండా దిట్టంగా పెట్టింది. కారు నిండా బొట్లే కాబట్టి ఇంతసేపూ నా కన్ను దాని మీద ఆగలేదు. కానీ మిగతా బొట్లన్నీ నాలుగు మూలలా, వరసలో ఉన్నాయి. ఇదొక్కటే వరస తప్పింది. ఎదురొచ్చిన అవ్వను అడిగాను.

"ఇదేందవ్వా, ఈడ పెట్టినావు?"

"అదా? ఆడ పసుప్పచ్చ కన్నొకటి తెరుచుకునుండె పాపా. ఎంతకీ మూసుకోదు. దిష్టి తగిలిందని బొట్టు పెట్టినా. ఆ పొద్దు నుంచి ఏం కనపడ్లే. ఆయిల్ కూడా పెరగబట్టె!"

బండితోపాటు ఇచ్చిన పుస్తకం యాడుందన్నా అని అడిగాను. ఆయన తల్లివైపు చూశాడు. పుస్తకం దేవుడి గూట్లో ఉంది. ఆయుధపూజకు పసుపు రాసి పెట్టారు, అప్పటినుంచీ అక్కడే పూజలందుకుంటోంది. ఎవరూ తెరవలేదు. దేవుడికి దండం పెట్టి, తీసి, పసుపుకు అతుక్కున్న పేజీలు విడదీసి చదివాను. పొగగొట్టం దారిలో మసిని పట్టుకునే జల్లెడ ఒకటి ఉంటుంది. మసి నిండాక బండి తనంతట తానే కొంచెం డీజిల్ ఎక్కువ చిమ్ముకుని ఆ మసిని కాల్చేసుకుంటుంది. అందుకు ఇరవై నిమిషాలకు పైగా ఆగకుండా, వేగంగా పోవాలి. మధ్యలో ఇంజను ఆపేస్తే మసి కాలదు. చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట జారి కింద ఆయిల్లో కలుస్తుంది. జల్లెడ నిండిందని చెప్పడానికే ఆ పసుప్పచ్చ దీపం. నన్ను దూరం తీసుకుపో అని బండి రోజూ అడుగుతోంది, వీళ్లు రోజూ మధ్యలో నోరు నొక్కి, పైన బొట్టు పెట్టారు. మేస్త్రీ చెప్పిన మూడో దోవ ఇదే.

కారు దగ్గరికొచ్చి బొట్టును గోరుతో గీకబోయాను. అవ్వ నా చెయ్యి పట్టేసుకుంది. "బొట్టు తుడిచేదా? శుక్రవారం పూటనా? నా కొడుకు కూచునే బండిది!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకూ ఏడుపొచ్చింది. నా ఉద్యోగం ఆ బొట్టు కింద ఉంది. కానీ ఆమె ఆ బొట్టును తమాషాకు పెట్టలేదని కూడా అప్పుడే అర్థమైంది. వారం ముందైతే ఇది మూఢనమ్మకం అని గట్టిగా అనేసి, మళ్లీ ఇంకో బజారును పోగు చేసేదాన్నే. గొంతు తగ్గించి అన్నాను. "తుడిచేది వద్దవ్వా. జరుపుదాం. ఆ కన్ను దిష్టిది కాదు, బండిది. ఆకలైతే బిడ్డ ఏడ్చినట్ల అది చెప్తాండాది. నువ్వే నీ చేత్తో పక్కన ఇంకోటి పెట్టు. ఆ పైన ఇది తీద్దాం." అవ్వ లోపలికెళ్లి కుంకుమ భరిణె తెచ్చింది. కొత్త బొట్టు పెట్టి, దండం పెట్టి, తన చీర చెంగుతోనే పాతది తుడిచింది. పసుప్పచ్చ దీపం వెలుగుతూ బయటపడింది. అంత అందమైన దీపాన్ని నేను అంతకుముందు ఏ గుళ్లోనూ చూడలేదు.

శనివారం పొద్దున పాత ఆయిల్ దించి కొత్తది పోశాం. పాతది ఒక సీసాలో పట్టుకున్నాను. ఏసీ అన్న స్టీరింగ్ దగ్గర, పక్కన మేస్త్రీ, వెనక నేనూ అవ్వా. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా ఎక్కడా ఆపకూడదని ఒప్పందం. ఊరు దాటేవరకూ అన్న ముప్పై మీద నడిపాడు. పక్కనుంచి ఆర్టీసీ బస్సు వెళ్లింది, ట్రాక్టర్ వెళ్లింది, ఆ తర్వాత శెనగల మూటతో ఒక మోపెడ్ కూడా వెళ్లింది. "తొక్కన్నా, తొక్కు" అని నేను వెనక నుంచి. హైవే ఎక్కాక మెల్లగా డెబ్బైకి చేరి, చెమటలు పట్టి, జీవితంలో మొదటిసారి ఏసీ చాలక పెంచమన్నాడు.

ఆ రోజు లోకంలో ఉన్నవన్నీ మమ్మల్ని ఆపడానికే బయల్దేరాయి. అంగడి నుంచి ఫోన్ మోగింది. ఆపద్దన్నా అన్నాను. పెనుకొండ కొండ కనబడగానే అవ్వ లేచి కూర్చుంది. "ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టకుండా పోతే ఎట్ల? రెండు నిమిషాలు నిలుపు నాయనా." అన్న కాలు బ్రేకు మీదికి పోయింది. "ఆపద్దన్నా!" అని అరిచాను. "ఏమే, దేవునికే ఆపవా?" అంది అవ్వ. స్వామికి అన్నీ తెలుసవ్వా, వచ్చేటప్పుడు రెండు టెంకాయలు కొడదాం అన్నాను. పెనుకొండ దాటి ధర్మవరం దారి పట్టాక, రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద. డెబ్బై అందుకుని ఇరవై నిమిషాలు ఇంకా నిండలేదు. మేస్త్రీ నడుము దాకా కిటికీలోంచి బయటికొచ్చి చేతులూపాడు. కాపరి తాపీగా నిలబడి, "ఏమబ్బా, పెండ్లికి పోతాండారా?" అన్నాడు. జల్లెడ గురించీ మసి గురించీ ఆయనకు ఏం చెప్తాం? మేస్త్రీ గొంతెత్తి, "నిలపకూడదప్పా! బండికి మొక్కుండాది!" అన్నాడు. మొక్కు అనగానే ఆ మనిషి కర్ర తిప్పి మందను రెండుగా చీల్చాడు. గొర్రెల నడుమ సందులోంచి నెమ్మదిగా, ఆగకుండా పోయి, మళ్లీ వేగం అందుకున్నాం. ముగ్గురం మీటరు వైపే చూస్తున్నాం. అన్న మాత్రం రోడ్డు చూడాలి కాబట్టి పాపం చూడలేదు.

ముందు చూసింది అవ్వే. "పాపా! కన్ను మూసుకునింది!"

దీపం ఆరిపోయింది. మేస్త్రీ "యా అల్లా" అన్నాడు, అవ్వ "ఆంజనేయా" అంది, నేను రెండూ అన్నాను. ఏసీ అన్న రోడ్డు మీంచి చూపు దించి మీటరు చూశాడు. తర్వాత మెల్లగా, "బండి తేలిగ్గా పోతాండాది పాపా" అన్నాడు. తన బండి గొంతు తాను మొదటిసారి విన్నట్టు చెప్పాడు.

ధర్మవరంలో ఎక్కడ ఆపాలో ఎవరూ అడగలేదు, నేనే మా అంగడి ముందు ఆపించాను. నాయన తూకం వేస్తున్నాడు. నలుగురైదుగురు గిరాకీలున్నారు. నేను సీసా ఇచ్చాను. ఆయన ఏమీ అడగకుండా పేపరు ముక్క మీద ఒక చుక్క వేశాడు. తర్వాత కారు దగ్గరికొచ్చి, పుల్ల లాగి, కొత్త ఆయిల్ చుక్క పక్కన వేశాడు. రెంటినీ వేళ్లతో రుద్ది, కళ్లు మూసుకుని వాసన చూసి, రెండోదాన్ని చూపించి "ఇది మంచిదే" అన్నాడు. ఏసీ అన్న అక్కడే నిలబడి బజారులోని తన స్నేహితుడికి ఫోన్ కొట్టాడు. వీధంతా వినబడేలా మాట్లాడాడు. "కల్తీ ఆయిల్లో లేదప్పా. నా డ్రైవింగ్‌లో ఉండాది. ఆ వర్క్‌షాపోళ్ల ఆయిల్ బంగారం. అందరికీ చెప్పు పో."

కల్తీ అన్న మాట మా అంగడి ముందు అంత గట్టిగా వినబడేసరికి నేను భయంగా నాయన వైపు చూశాను. నూనె కోసం వచ్చిన ఒకామె, "ఈ పాపెవరు?" అని అడిగింది. నాయన వేళ్లు గుడ్డకు తుడుచుకుని, నా వైపు చూడకుండా, గట్టిగా, అంగడంతా వినబడేలా అన్నాడు.

"నా బిడ్డ. హిందూపురంలో కార్లు చూస్తాది. కల్తీ యాడున్నా పట్టేస్తాది."

ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదలు. తల వంచుకుని నూనె డబ్బా వైపు చూస్తూ నిలబడ్డాను. అందులో నా ముఖం కనబడుతోంది, ముక్కు మీద నల్లగా ఇంజన్ ఆయిల్ మరకతో సహా. ఏడుస్తున్నానని ఆ నూనెకూ నాకూ తప్ప ఎవరికీ తెలియలేదు.

సోమవారం నేను పనికి వెళ్లాను. ఏసీ అన్న ఇప్పటికీ ప్రతి శనివారం అవ్వను ఎక్కించుకుని పెనుకొండ ఆంజనేయస్వామి దగ్గరికి ఆగకుండా వెళ్తాడు, బండికి మొక్కు అని. జల్లెడలో మసి కాలుతుంది, టెంకాయ పగులుతుంది. ఆయిల్ పెరగడం ఆగిపోయిందని అవ్వకు మాత్రం కొంచెం దిగులు. కనబడినప్పుడల్లా, "ఈనేది మాన్పిచ్చినావు గదే" అని నిష్ఠూరమాడుతుంది.

ఇప్పుడు నేను పెనుకొండలో ఇంకా పెద్ద వర్క్‌షాపులో ఉన్నాను. మా స్కానర్‌కు అన్ని బండ్ల భాషలూ వచ్చు. ఆయిల్లో డీజిల్ కనబడితే కస్టమర్‌ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, కొంచెం తేడా ఉందన్నా అంటాను. అలాగే చెప్పాలి, అదే మర్యాద. అయినా పుల్ల ఎత్తి జెండాలా పట్టుకున్న ఆ పిల్ల ఒక్కోసారి గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకుంటాను. ఎంత తెలివితక్కువది, ఎంత ధైర్యం దానికి! నాయన మాత్రం రోజూ ఫోన్ చేస్తాడు. అంగట్లో ఆ మాట మళ్లీ ఎప్పుడూ అనలేదు గానీ, నాతో మాత్రం గుసగుసగా అడుగుతాడు.

"ఏం పాపా, ఈ పొద్దు యాడన్నా కల్తీ దొరికెనా?"

"దొరికింది నాయనా. తేడా అని చెప్పి పంపిచ్చినా."

"అయ్యో," అంటాడు, "గట్టిగా చెప్పింటే పోయేది గదా."